ఫుజి ఇంకా కుర్ర కొండే: కింద నిప్పు, పైన ఏటా 2 లక్షల మంది

2025 ఆగస్టు చివర్లో జపాన్ ప్రభుత్వం ఒక వీడియో విడుదల చేసింది. ఫుజి పర్వతం బద్దలైతే టోక్యో వీధులు ఎలా ఉంటాయో కంప్యూటర్ చిత్రాలతో చూపించారు అందులో. రెండు గంటలు తిరక్కముందే ఆకాశం నల్లబడుతుంది, బూడిద రాలుతుంది, రైళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. సరిగ్గా అదే వేసవిలో, అదే కొండ ఎక్కడానికి నాలుగు దారుల్లోనూ మనిషికి 4,000 యెన్ల రుసుము మొదలైంది. ఈ రెండు వార్తలూ పక్కపక్కన చదివినవాళ్ళకి వచ్చే సందేహం ఒకటే. బద్దలైతే ఏమవుతుందో ప్రభుత్వమే చూపించి హెచ్చరిస్తున్న కొండ మీదికి టికెట్టు పెట్టి మరీ జనాన్ని ఎందుకు పంపుతున్నారు?

జవాబు కొండ వయసులో ఉంది. ఫుజి కుర్ర కొండ. దాని అందమైన ఆకారం, కాలు జారే కంకర, పైన చుక్క నీరు దొరక్కపోవడం, ఎక్కడ పగులుతుందో ఎవరూ ముందుగా చెప్పలేకపోవడం, ఇవన్నీ ఆ వయసు వల్ల వచ్చినవే. ఎక్కడం గురించి మాట్లాడాలన్నా, పేలడం గురించి మాట్లాడాలన్నా ముందు అది ఎలా పుట్టిందో చూడాలి.

పొరలు పేరుకుని నిలబడ్డ కొండ

ఫుజి స్ట్రాటోవాల్కేనో అనే రకం అగ్నిపర్వతం. ‘స్ట్రాటో’ అంటే పొరలు ఉన్నదని అర్థం. భూమి లోపల కరిగిన రాయిని మాగ్మా అంటారు, అది బయటికొస్తే లావా. పల్చటి లావా మాత్రమే పదే పదే పారితే హవాయి దీవుల్లోని మౌనా లోవాలాగా, బోర్లించిన పళ్ళెంలా వెడల్పాటి కొండ తయారవుతుంది. లావా పారకుండా నిప్పుకంకర మాత్రమే ఎగజిమ్మితే చిన్న గుట్ట మిగులుతుంది. స్ట్రాటోవాల్కేనోలో రెండూ జరుగుతాయి. ఒకసారి బూడిద, కంకర ఎగజిమ్మి కుప్పపడతాయి. మరోసారి లావా వచ్చి ఆ కుప్ప మీద పారి, గట్టిపడి, దాన్ని పట్టి ఉంచుతుంది. మళ్ళీ కంకర, మళ్ళీ లావా. ఇలా వేల ఏళ్ళు.

ఆ కంకరని స్కోరియా అంటారు. ఒక ముక్క చేతిలోకి తీసుకుంటే చూపుకి బరువుగా ఉన్నది పట్టుకోగానే తేలిపోతుంది. నల్లగానో, ఇటుక రంగులోనో ఉంటుంది. ఒళ్ళంతా చిల్లులే. కరిగిన రాయి గాల్లోకి ఎగిరినప్పుడు లోపలి వాయువులు బుడగలై బయటపడగా మిగిలిన గూళ్ళవి. అంచులు గరుకుగా ఉంటాయి, అరచేతికి గీసుకుంటాయి. ఫుజి ఎక్కేవాళ్ళు రోజంతా తొక్కేది దీన్నే.

గరుకు కంకర కుప్ప ఇంచుమించు 30 నుంచి 35 డిగ్రీల వాలు దాకా నిలుస్తుంది. అంతకుమించితే జారి కింద పడుతుంది. ఫుజి పై భాగం వాలు దాదాపు ఆ హద్దులోనే ఉంది. పైన నిటారు, కింద పరుచుకున్న కుచ్చిళ్ళు, నాలుగు వైపులా ఒకే తీరు. ఈ సమరూపం కుర్రతనానికి గుర్తు. వాన, మంచు, రాళ్ళ జారుడు ప్రతి కొండనీ కోస్తూనే ఉంటాయి. కొత్త లావా, కొత్త కంకర వచ్చి ఆ కోతల్ని పూడుస్తున్నంతకాలం కొండ నున్నగా కనిపిస్తుంది. పూడ్చడం ఆగితే ముడతలు పడతాయి. ఫుజికి పడమటి వైపు ఆ ముడత అప్పుడే మొదలైంది. ఒసావా అనే ఆ లోయ 500 మీటర్ల వెడల్పు, 150 మీటర్ల లోతుతో శిఖరం దగ్గర నుంచి రెండు కిలోమీటర్లకు పైగా కొండని చీల్చుకుంటూ దిగుతుంది. అక్కడ రాళ్ళు ఇప్పటికీ రాలుతూనే ఉన్నాయి.

ఒక కొండ కింద ఇంకో కొండ

మనకి కనిపించే ఫుజి ఎత్తు 3,776 మీటర్లు. అయితే ఆ ఎత్తంతా ఒక్క అగ్నిపర్వతానిది కాదు. అడుగున కొన్ని లక్షల ఏళ్ళ నాటి కొమితాకే అనే పాత అగ్నిపర్వతం ఉంది. టోక్యో నుంచి బస్సులో వచ్చి, కొండెక్కే దారుల్లో ఒకటైన యోషిదాలో 2,305 మీటర్ల ఎత్తున ఉన్న ఐదో మజిలీ (దారిలో ఆగే చోట్లలో ఐదోది) దగ్గర దిగేవాళ్ళు అడుగు పెట్టేది నిజానికి ఆ ముసలి కొండ నెత్తి మీదే. అక్కడి చిన్న గుడికి కూడా కొమితాకే పేరే ఉంది. దాని అడుగున ఇంకా పాతది ఒకటి ఉందని 2004లో వెలువడిన డ్రిల్లింగ్ ఫలితాల్లో తేలింది.

సుమారు లక్ష ఏళ్ళ కిందట కొమితాకే పక్కన కొత్త బిలం తెరుచుకుంది. అక్కడ పెరిగినది ‘పాత ఫుజి’. అది పేలుళ్ళ కొండ. మంచు యుగం కావడంతో పైనున్న మంచు కరిగి, బూడిదతో కలిసి బురద వరదలై కిందికి దూకేది. ఆ బురద గట్టిపడి నీరు ఇంకని నేలగా మారింది. దాదాపు 10,000 ఏళ్ళ కిందట ‘కొత్త ఫుజి’ మొదలై ధారాళంగా లావా పారించింది. ఇవాళ మనం చూసే సొగసైన ఆకారం దీనిదే.

ఈ కాలాన్ని ఒక రోజుకి కుదించి చూద్దాం. పాత ఫుజి పుట్టి సరిగ్గా 24 గంటలైందనుకుంటే, కొత్త ఫుజి వయసు 2 గంటల 24 నిమిషాలు. ఆఖరి పేలుడు జరిగి నాలుగున్నర నిమిషాలైంది. ఇలాంటి కొండలు లక్షల ఏళ్ళు బతుకుతాయి. అందుకే ఫుజి ‘చల్లారిపోయిందేమో’ అనే ప్రశ్నకి భూశాస్త్రవేత్తలు ఎప్పుడూ లేదనే చెబుతారు.

పాత, కొత్త ఫుజిలని ఒకేచోట కంటితో చూడాలంటే శిఖరం ఎక్కనక్కర్లేదు. పడమటి పాదంలో షిరైతో జలపాతం ఉంది. 20 మీటర్ల ఎత్తు, 150 మీటర్ల వెడల్పున వందల తెల్లటి దారాల్లా నీళ్ళు జారుతుంటాయి. దగ్గరికెళ్ళి చూస్తే ఆ నీటిలో చాలా భాగం పైనుంచి దూకడం లేదు, రాతి గోడ మధ్యలోంచి ఊరుతోంది. పైపొర కొత్త ఫుజి లావా. పగుళ్ళ మయం కాబట్టి నీటిని కిందికి వదిలేస్తుంది. కిందిపొర పాత ఫుజి బురద రాయి, నీటిని దిగనివ్వదు. రెండు కొండలు కలిసే గీత దగ్గర నీళ్ళకి పక్కకి రావడం తప్ప దారి లేదు. ఆ గీత వెంబడి నీళ్ళు వరుసగా చిమ్మడం చూస్తే నాకు ఏ బొమ్మా అక్కర్లేకుండా ఫుజి కథంతా అర్థమైనట్టు అనిపిస్తుంది.

అక్కడే ఎందుకు, అంత మాగ్మా ఎందుకు

భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి కదులుతుంటుంది. ఫుజి ఉన్న చోట యూరేషియా, ఉత్తర అమెరికా, ఫిలిప్పీన్ సముద్రం పలకలు మూడూ కలుసుకుంటాయి. వీటన్నిటి కిందికి తూర్పు నుంచి పసిఫిక్ పలక దూరుతోంది. అలా దిగిన పలకలోంచి నీరు ఆవిరై పైనున్న వేడి రాతిలో కలుస్తుంది. నీరు కలిసిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అదే మాగ్మా.

ఇంతవరకూ జపాన్‌లోని చాలా అగ్నిపర్వతాలకి వర్తించే సంగతే. ఫుజి దగ్గర ఒక చిక్కుముడి ఉంది. జపాన్‌లోని స్ట్రాటోవాల్కేనోలు ఎక్కువగా ఆండిసైట్ అనే కాస్త చిక్కటి రాతితో తయారైతే, ఫుజి మాత్రం దాదాపు అంతా బసాల్ట్, అంటే పల్చటి లావా గట్టిపడ్డ రాయి. పైగా మిగతావాటికంటే చాలా భారీ కొండ. దీనికి రెండు వివరణలున్నాయి. మూడు పలకలు కలిసే చోట కింది పలక లాగుడుకి చీలి ఉంటుందని, ఆ సందులోంచి మాగ్మా ఎక్కడా ఎక్కువసేపు ఆగకుండా పైకి వస్తోందని కొందరంటారు. ఫుజి మాగ్మా నిల్వ ఉండే చోటు మిగతావాటికంటే లోతుగా ఉందని, ఆ లోతులోని ఒత్తిడిలో మాగ్మా మారినా బసాల్ట్‌గానే మిగులుతుందని మరికొందరు. ఒకటి నిజమైతే రెండోది తప్పు కావాల్సిన పనిలేదు. రెండిట్లోనూ కొండ ఎక్కేవాడికి పనికొచ్చే విషయం ఒకటే: ఫుజి మాగ్మా చాలా లోతు నుంచి వస్తుంది.

శిఖరం మీద బిలం, పగిలేది పక్కటెముక

ఫుజి శిఖరాన దాదాపు 700 మీటర్ల వెడల్పు బిలం ఉంది. ‘పేలితే ఇక్కడి నుంచే’ అనుకుంటారు చాలామంది. కానీ ఆ బిలం ఆఖరిసారి పేలి 2,000 ఏళ్ళు దాటింది. ఆ తర్వాత వచ్చినవన్నీ కొండ పక్కల్లోంచి వచ్చినవే.

కారణం సులువుగా చెప్పుకోవచ్చు. కొండ ఎత్తు పెరిగేకొద్దీ మాగ్మాని శిఖరం దాకా ఎత్తడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. పక్కన ఒక పగులు దొరికితే అది అటే పోతుంది. ఫిలిప్పీన్ సముద్రం పలక వాయవ్యం వైపు నెడుతుండటంతో పగుళ్ళు కూడా ఎక్కువగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పడతాయి. మాగ్మా ఆ పగులులో పల్చటి గోడలా లేచి, నేల తాకిన చోట బిలం అవుతుంది. ఆ గోడని డైక్ అంటారు.

864లో వాయవ్య పక్క పగిలింది. రెండేళ్ళపాటు లావా పారి, సెనోఉమి అనే పెద్ద సరస్సుని పూడ్చేసి రెండు ముక్కలు చేసింది. అవే ఇవాళ్టి సైకో, షోజికో సరస్సులు. ఆ లావా మీద మొలిచిందే అవోకిగహారా అడవి. 1707 డిసెంబర్ 16న ఆగ్నేయ పక్క పేలింది. ఆనాటి పాలకుడి కాలం పేరుతో దీన్ని హోయెయి పేలుడు అంటారు. ఈసారి లావా పారలేదు, అంతా గాల్లోకే పోయింది. 100 కిలోమీటర్ల దూరంలోని ఎదో, అంటే ఇవాళ్టి టోక్యో, పట్టపగలు చీకటైపోయింది. ఆ నగరంలో ఉన్న పండితుడు అరాయి హకుసెకి పగలే దీపాలు వెలిగించుకోవాల్సి వచ్చిందని రాసిపెట్టాడు. మొదట తెల్లటి బూడిద, తర్వాత నల్లటిది రాలిందట. పేలుడు ఆగేసరికి పదహారు రోజులు పట్టింది.

ఒకే కొండ ఒకసారి మెల్లగా లావా పారించింది, ఇంకోసారి లావా ఊసే లేకుండా పేలింది. ‘ఫుజి ఎలా పేలుతుంది?’ అనే ప్రశ్నకి ఒకే జవాబు లేకపోవడం అందుకే. 2021లో సవరించిన ప్రమాద పటంలో బిలం తెరుచుకునే అవకాశమున్న చోట్లు 44 నుంచి 252కి పెరిగాయి. అంచనా వేసిన గరిష్ఠ లావా 70 కోట్ల ఘనపు మీటర్ల నుంచి 130 కోట్లకి పెరిగింది. ఇది చూసి కొండలో ప్రమాదం పెరిగిందని కొందరు అర్థం చేసుకున్నారు. పెరిగింది మనకి తెలిసిన సమాచారం. పాత పేలుళ్ళ ఆనవాళ్ళు ఇంకా దొరికాయి, 864 నాటి లావా మునుపు లెక్కగట్టిన దానికంటే ఎక్కువని తేలింది.

‘గడువు దాటిపోయింది’ అనే మాటలో ఎంత నిజం

ఈ మాట వార్తల్లో తరచూ వినిపిస్తుంది. లెక్క ఎలా వేస్తారో చూద్దాం. గడిచిన 5,600 ఏళ్ళలో ఫుజి దాదాపు 180 సార్లు పేలింది. 5,600ని 180తో భాగిస్తే 31 ఏళ్ళకొకసారి. 1707 నుంచి ఇప్పటికి 300 ఏళ్ళు దాటాయి. అంటే సగటుకి పది రెట్లు ఆలస్యం. అంతవరకూ లెక్క సరైనదే.

కానీ సగటు చెప్పేది సగం సంగతే. ఆ 180లో చాలామటుకు చిన్నాచితకా పేలుళ్ళు. అవి కూడా బస్సుల్లా వేళకి వచ్చినవి కావు. కొన్ని శతాబ్దాల్లో గుంపుగా వచ్చాయి, కొన్ని శతాబ్దాలు ఖాళీగా పోయాయి. రాతపూర్వక చరిత్రలోనే 1083 తర్వాత నమ్మదగిన పేలుడు 1435లో. మధ్యలో 350 ఏళ్ళు. కాబట్టి ఇప్పటి మౌనం ఫుజి చరిత్రలో వినని విషయమేమీ కాదు.

రెండో వాదన భూకంపాల చుట్టూ తిరుగుతుంది. 1707 అక్టోబర్ 28న దక్షిణ సముద్ర తీరంలో సుమారు 8.6 తీవ్రతతో భారీ భూకంపం వచ్చింది. 49 రోజులకి ఫుజి పేలింది. నన్‌కాయ్ అని పిలిచే ఆ సముద్రపు అగాధంలో మళ్ళీ భూకంపం వస్తే ఫుజి కూడా లేస్తుందని భయం. దీన్ని కొట్టిపారేయలేం. భూకంపం రాతి మీద ఒత్తిడిని మారుస్తుంది, సిద్ధంగా ఉన్న మాగ్మాకి దారి ఇస్తుంది. అయితే ‘సిద్ధంగా ఉన్న’ అన్నదే అసలు షరతు. 2011 మార్చి 11న 9.0 తీవ్రతతో తూర్పు తీరం కంపించింది. నాలుగు రోజులకే సరిగ్గా ఫుజి పాదంలో 6.4 భూకంపం వచ్చింది. అప్పుడు చాలామంది ఊపిరి బిగబట్టారు. కొండ మాత్రం కదల్లేదు. 2000 శరదృతువు నుంచి మరుసటి వసంతం దాకా 15 కిలోమీటర్ల లోతున మెల్లటి ప్రకంపనలు ఒక్కసారిగా పెరిగినప్పుడూ అంతే. ఫుజి కింద మాగ్మా బతికే ఉందని అవి చెప్పాయి, పైకి వస్తోందని చెప్పలేదు. ఆ టెన్షన్ వల్ల ఒక మేలు జరిగింది, తొలి ప్రమాద పటం 2004లో తయారైంది.

లెవెల్ 1 అంటే ఏమిటి, ఏది కాదు

జపాన్ వాతావరణ సంస్థ 2007 డిసెంబర్ నుంచి అగ్నిపర్వతాలకి 1 నుంచి 5 దాకా హెచ్చరిక స్థాయిలు ఇస్తోంది. 5 అంటే ఊళ్ళు ఖాళీ చేయాలి. 3 అంటే కొండ దగ్గరికి పోకూడదు. 2 అంటే బిలం దగ్గరికి పోకూడదు. ఫుజి మొదటి నుంచీ లెవెల్ 1లోనే ఉంది.

2014 సెప్టెంబర్ 27న జపాన్‌లోని ఇంకో అగ్నిపర్వతం ఒంటాకే కూడా లెవెల్ 1లోనే ఉంది. శనివారం, ఆకులు ఎర్రబడే కాలం, ఎండ బాగా కాస్తోంది. మధ్యాహ్నం 11:52కి, శిఖరం మీద జనం అన్నాలు తినే వేళకి కొండ పేలింది. 63 మంది చనిపోయారు లేదా ఆచూకీ లేకుండా పోయారు. అది మాగ్మా పేలుడు కూడా కాదు. లోపలి వేడికి భూగర్భ జలం ఒక్కసారిగా ఆవిరైంది. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. ఆ దెబ్బకి పాత రాళ్ళే తూటాల్లా ఎగిరాయి. ఇలాంటి ఆవిరి పేలుడు ముందుగా ఇచ్చే సూచనలు చాలా బలహీనం.

అంతకు ముందు లెవెల్ 1కి పెట్టిన మాట ‘మామూలు స్థితి’. ఆ ఘోరం తర్వాత దాన్ని ‘ఇది క్రియాశీల అగ్నిపర్వతమని గుర్తుంచుకోండి’ అని మార్చారు. నా దృష్టిలో ఇది చిన్న మార్పు కాదు. ‘మామూలు’ అనే మాట చదివి కొండెక్కిన మనిషి తను అడగాల్సిన ప్రశ్న అడగడు.

ఫుజి, ఒంటాకే ఒకటి కావు. ఒంటాకే మీద ఆవిరి కక్కే రంధ్రాలున్నాయి, ఫుజి మీద ఇప్పుడలాంటివి కనిపించవు. ఫుజి మాగ్మా లోతు నుంచి రావాలి కాబట్టి రాళ్ళని చీల్చుకుంటూ వచ్చేటప్పుడు భూకంపాలు పుట్టిస్తుంది, నేల ఉబ్బుతుంది. పరికరాలు వాటిని పట్టుకోగలవు. 1707లో కూడా ముందురోజు పాదంలోని ఊళ్ళకి కంపనాలు తెలిశాయి. ధైర్యం చెప్పేవాళ్ళ వాదన ఇది, దీనికి బలముంది. అవతలి పక్షం అడిగేది కూడా న్యాయమైనదే: ఆ సూచనకీ పేలుడుకీ మధ్య ఎన్ని గంటలుంటాయి? ఒక ఉదాహరణ తీసుకుందాం. తెల్లవారుజామున శిఖరం మీదున్న వాళ్ళకి హెచ్చరిక అందిందనుకోండి. యోషిదా దారిలో ఐదో మజిలీకి దిగడానికి మామూలుగానే నాలుగు గంటల దాకా పడుతుంది. చీకట్లో, వేల మంది ఒకే దారి పట్టుకుంటే అంతకంటే ఎక్కువ.

ఇంకో తేడా ఉంది. ఒంటాకేలో బిలం ఎక్కడుందో తెలుసు కాబట్టి ‘దాని దగ్గరికి పోవద్దు’ అని లెవెల్ 2 ప్రకటిస్తే అర్థముంటుంది. ఫుజిలో కొత్త బిలం ఎక్కడ తెరుచుకుంటుందో తెలియదు. అందుకే అక్కడ కొండ కదలడం మొదలైతే లెవెల్ 2ని దాటేసి నేరుగా 3కి వెళ్ళేలా ఏర్పాటు చేశారు. ఏ వైపు దిగడం క్షేమమో కూడా అప్పటికప్పుడే తేలాలి.

కొండ వయసు కాళ్ళకి తెలుస్తుంది

దారులు నాలుగు. ఉత్తరాన యోషిదా 2,305 మీటర్ల దగ్గర మొదలవుతుంది, జనం ఎక్కువగా వచ్చేది ఇటే. దక్షిణాన ఫుజినోమియా 2,400 మీటర్ల దరిదాపుల్లో. తూర్పున సుబషిరి సుమారు 2,000 దగ్గర. ఆగ్నేయాన గోతెంబా 1,440 దగ్గర. యోషిదా, సుబషిరిల కంటే గోతెంబాలో జనం ఎందుకు పల్చగా ఉంటారో తీసివేత చేస్తే తెలుస్తుంది. యోషిదాలో ఎక్కాల్సిన ఎత్తు 1,471 మీటర్లు, గోతెంబాలో 2,336.

గోతెంబాలో ఇంకో వింత కనిపిస్తుంది. మిగతా వైపుల 2,400 మీటర్లు దాటినా చెట్లుంటాయి. సుబషిరి దారిలో చాలాసేపు అడవి నీడలోనే నడుస్తారు. గోతెంబాలో మాత్రం మొదలుపెట్టిన చోటే నల్లటి ఎడారి. ఎత్తు వల్ల కాదు, 1707 వల్ల. ఆ పేలుడు కంకర గాలివాటున తూర్పు వైపు పడి అడవిని పాతిపెట్టింది. మూడు శతాబ్దాలైనా చెట్లు మళ్ళీ పైకి ఎక్కలేకపోతున్నాయి. ఎక్కేటప్పుడు రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి జారే ఆ కంకరే దిగేటప్పుడు వరమవుతుంది. ‘ఒసునబషిరి’, అంటే పెద్ద ఇసుక పరుగు, అనే వాలులో మడమలు దిగేసి పెద్ద పెద్ద అంగలతో జారుకుంటూ వచ్చేస్తారు. చీలమండ దాకా బూటు, దాని పైన కంకర దూరకుండా తొడుగు లేకపోతే పాదాలు పుళ్ళవుతాయి.

యోషిదాలో ఏడో మజిలీ దగ్గర ఉన్నట్టుండి కంకర పోయి గట్టి రాయి వస్తుంది, చేతులు కూడా వాడాలి. అది లావా పొర బయటపడ్డ చోటు. పొరల కొండ అని పాఠంలో చదివింది అక్కడ మోకాళ్ళకి తెలుస్తుంది. ఆ రాయి కూడా పగుళ్ళతో ఉంటుంది, కింది కంకర కొట్టుకుపోతే ఊడిపడుతుంది. 1980 ఆగస్టులో యోషిదా వైపు రాళ్ళు దొర్లి 12 మంది చనిపోయారు. పేలుడు లేని రోజు కూడా కుర్ర కొండ కుదురుగా ఉండదు. హెల్మెట్ పెట్టుకోమనేది అందుకే.

నీరు దొరకదు. వాన ఎంత పడినా స్కోరియా పీల్చేసుకుంటుంది. కొండ మీద ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. పీల్చుకున్నదంతా ఏళ్ళ తర్వాత కింద షిరైతోలోనో, ఒషినో చెరువుల్లోనో తేలుతుంది. పైన గుడిసెల్లో వాననీరు పట్టుకుంటారు, మిగతాది మోసుకొచ్చి అమ్ముతారు.

చలి లెక్క కూడా ఒకసారి వేసుకోవాలి. 100 మీటర్లకి 0.6 డిగ్రీల చొప్పున తగ్గుతుంది. కింద తీరంలో 30 డిగ్రీలుంటే 3,776 మీటర్ల దగ్గర 7 డిగ్రీలు. సెకనుకి 10 మీటర్ల గాలి తోడైతే ఒంటికి ఇంకా చాలా చల్లగా అనిపిస్తుంది. అది కూడా ఆగస్టులో. గాలి ఒత్తిడి తీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులకి కాస్త తక్కువే. సాయంత్రం నగరంలో బస్సెక్కి, రాత్రంతా ఆగకుండా ఎక్కి, సూర్యోదయానికి శిఖరం చేరేవాళ్ళున్నారు. జపాన్‌లో దీన్ని ‘తూటా ఎక్కుడు’ అంటారు. పన్నెండు గంటలు గడవకముందే శరీరం తీరం నుంచి 3,700 మీటర్లకి వెళ్తుంది. తలనొప్పి, వాంతులు, తూలిపోవడం దాని ఫలితాలు. ఎక్కేముందు ఐదో మజిలీలో ఓ గంట ఊరికే కూర్చోమని చెప్పేది ఇందుకే.

గేటు, రుసుము: ఎవరి మాట ఏమిటి

2024లో కొండకి ఉత్తరాన ఉన్న యామనాషి ప్రాంత ప్రభుత్వం యోషిదా దారికి గేటు పెట్టి, 2,000 యెన్ల రుసుము, రోజుకి 4,000 మంది పరిమితి పెట్టింది. 2025లో రుసుము 4,000 యెన్లైంది, పక్క ప్రాంతమైన షిజుఓకా వైపు మూడు దారులకీ వర్తించింది. మధ్యాహ్నం 2 నుంచి తెల్లవారుజాము 3 దాకా గేటు మూస్తారు. గుడిసెలో పడక బుక్ చేసుకున్నవాళ్ళకి మినహాయింపు. యోషిదా జులై 1న, మిగతావి జులై 10న తెరుస్తారు. అన్నీ సెప్టెంబర్ 10న మూసేస్తారు.

సమర్థించేవాళ్ళు తూటా ఎక్కుడునే ముందు చూపిస్తారు. రాత్రి చలికి దారి పక్కన ముడుచుకుని పడుకునేవాళ్ళు, ఇరుకు రాతి దారిలో తోపులాట, చెత్త. జనం ఎంతమందో తెలిసి, వాళ్ళు చెదిరి ఉంటే కొండ కదిలిన రోజు దింపడం కూడా సులువు. వ్యతిరేకించేవాళ్ళు చెప్పేదీ వినదగ్గదే. ఫుజి వందల ఏళ్ళుగా భక్తులు నడిచిన కొండ. ఎనిమిదో మజిలీ పైన నేల ఇప్పటికీ సెంగెన్ ఆలయానిదే. 1872 దాకా స్త్రీలని శిఖరానికి రానివ్వని కొండని అందరికీ తెరవడానికి చాలాకాలం పట్టింది, ఇప్పుడు డబ్బు లేనివాళ్ళకి మళ్ళీ మూస్తారా అని వాళ్ళ బాధ. 4,000 యెన్లు ఒక్కరికి పెద్ద మొత్తం కాకపోవచ్చు, పిల్లలతో వచ్చే కుటుంబానికి అవుతుంది.

గేటు ఆపలేనిది ఒకటుంది, సీజన్ దాటాక వచ్చేవాళ్ళు. 2025 ఏప్రిల్‌లో చదువుకుంటున్న ఓ యువకుణ్ణి మంచులోంచి హెలికాప్టర్‌లో దించారు. పైన వదిలేసిన ఫోన్ కోసం నాలుగు రోజులకే అతను మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ కాపాడాల్సి వచ్చింది. కాపాడిన ఖర్చు ఇలా వచ్చేవాళ్ళచేతే కట్టించాలని ఫుజినోమియా మేయర్ అప్పుడు గట్టిగా అన్నారు. డబ్బుకి భయపడి సాయం అడగడం ఆలస్యం చేస్తే ప్రాణాలు పోతాయనేది అవతలి వాదన. ఇది ఇంకా తెగలేదు.

హోయెయి అంచున

శిఖరం దాకా వెళ్ళలేనివాళ్ళు ఫుజినోమియా ఐదో మజిలీ నుంచి పక్కకి ఓ ముప్పావు గంట నడిస్తే హోయెయి బిలం అంచుకి చేరతారు. దారి పెద్దగా ఎక్కుడు కాదు. అంచున నిలబడితే శిఖరం బిలం కంటే పెద్ద గొయ్యి కాళ్ళ ముందు తెరుచుకుంటుంది. ఎదుటి గోడ మీద నిలువుగా లేచిన రాతి పలకలు కనిపిస్తాయి. 1707 కంటే ముందే పాత పగుళ్ళలో పైకి వస్తూ గడ్డకట్టిన డైకులు అవి. ఆ పేలుడు కొండని చీల్చడంతో బయటపడ్డాయి.

తూర్పు పాదంలో ఎక్కడైనా నేల తవ్విన చోట గోడ చూస్తే ఆ పదహారు రోజులూ వరుసగా ఉంటాయి. అడుగున పాతబడిన మన్ను. దాని మీద పల్చగా తెల్లటి నురగరాయి పొర, ఎదోలో హకుసెకి చూసిన తెల్ల బూడిదకి తోబుట్టువు. ఆ పైన మీటర్ల మందాన నల్లటి స్కోరియా. దాని మీద, 1707 తర్వాతి 300 ఏళ్ళకి పైగా కాలంలో పేరుకున్నది, జానెడు మట్టి.